రుసుము లేని రెండు కార్డులు: బ్యాంకులు చెప్పని లెక్క

హైదరాబాద్‌లో క్రెడిట్ కార్డులు జారీ చేస్తున్న బ్యాంకుల కార్డు విభాగాల అధిపతులకు,



వార్షిక రుసుము లేని రెండు క్రెడిట్ కార్డుల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఆ రుసుము గురించి మాట్లాడటం వల్ల ఎంపిక ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు. రెండింటిలోనూ అది సున్నాయే. తేడా అంతా మిగతా చోట్ల ఉంటుంది. బాకీ మిగిలితే పడే వడ్డీ, గడువు దాటితే ఆలస్య రుసుము, నగదు తీస్తే భారం, బిల్లు తయారయ్యే తేదీ, కార్డు నడిచే నెట్‌వర్క్, విదేశంలో ఖర్చు పెడితే అదనపు శాతం, ఇవన్నీ చూశాక రివార్డులు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ దాకా మీ తరఫున కార్డులు అమ్మేవాళ్ల నోట ఈ వరుస తలకిందులవుతోంది. రివార్డులతో మొదలయ్యే మాట రివార్డులతోనే ముగుస్తోంది. రెండింట్లో ఏది మేలని అడిగినవాళ్లకు దొరికే జవాబు ఒకటే: “ఎలాగూ ఫీజు లేదు కదా, రెండూ తీసుకోండి.” అప్పు ఇచ్చే సంస్థ ఇవ్వాల్సిన సలహా ఇదేనా? ఈ ధోరణిని ఒప్పుకోవడం కుదరదు.

ఇక్కడి మనుషుల సంపాదన తీరు మీకు తెలియనిది కాదు. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోల చుట్టూ పెరిగిన ఈ ప్రాంతంలో, కొండ దిగితే వచ్చే కృష్ణానగర్‌లో, ఒకటో తారీఖు జీతం మీద బతికే సినిమా కుటుంబాలు తక్కువ. లైట్‌మెన్, కెమెరా అసిస్టెంట్లు, మేకప్, కాస్ట్యూమ్స్, ఆర్ట్ విభాగాల వాళ్లు, డబ్బింగ్ కళాకారులు, జూనియర్ ఆర్టిస్టులు, అసోసియేట్ దర్శకులు, వీళ్లందరికీ పని ఉన్నప్పుడే రాబడి. బేటా (రోజువారీ భత్యం) ఏ రోజుకారోజు చేతికందినా, మాట్లాడుకున్న మొత్తంలో బ్యాలెన్స్ షెడ్యూలు పూర్తయ్యాక రావచ్చు, విడుదల దగ్గరపడ్డాక రావచ్చు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరుతూ సినీ కార్మికుల ఫెడరేషన్ సభ్యులు షూటింగులు నిలిపేసినప్పుడు రెండు వారాలకు పైగా రోజు కూలి ఆగింది. కార్డు బిల్లుల గడువులు మాత్రం ఆగలేదు.

అంతకు ముందు, 2020 మార్చిలో, పరిశ్రమ మొత్తం మూతపడింది. కార్మికుల ఇళ్లకు నిత్యావసరాలు చేర్చడానికి చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ ఏర్పడాల్సి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన మారటోరియం ఆ ఏడాది ఆగస్టు 31 వరకూ సాగింది, క్రెడిట్ కార్డు బకాయిలకూ వర్తించింది. వాయిదా దొరికింది గానీ వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద పడిన వడ్డీని వెనక్కి ఇచ్చే పథకం అక్టోబరులో వచ్చినా, అసలు వడ్డీ కార్డుదారుడే కట్టుకున్నాడు. బ్యాంకు రుణంపై వడ్డీ ఏడాదికి పది పన్నెండు శాతం ఉన్నవాడికీ, కార్డు మీద నలభై శాతం దాటినవాడికీ ఆ ఆర్నెల్ల వాయిదా ఒకటే అయిందా?

అందుకే రెండు కార్డుల పోలిక వడ్డీ దగ్గర మొదలుకావాలి. మీ కార్డుల్లో చాలా వాటిపై వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం, అంటే ఏడాదికి 42 నుంచి 45 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. బిల్లులో 20,000 రూపాయలు ఒక నెలపాటు మిగిలిపోయిందనుకుంటే, 3.75 శాతం లెక్కన వడ్డీ 750, జీఎస్టీ 135, మొత్తం 885 రూపాయలు. అదే కార్డు కొన్నవాటి మీద 1 శాతం వెనక్కి ఇస్తుందనుకుంటే, 20,000కు వచ్చేది 200. నాలుగు నెలల రివార్డు అంతా కలిపినా ఒక్క నెల బాకీ ఖరీదుకు సరిపోదు. రెండో కార్డు రివార్డు ఏమీ ఇవ్వకుండా నెలకు 1.5 శాతమే వడ్డీ వేస్తే, పన్నుతో కలిపి 354 రూపాయలు పడుతుంది. తేడా 531. బ్యాలెన్స్ ఎప్పుడొస్తుందో తెలియని మనిషికి ఈ రెండింట్లో ఏది మేలో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. ఈ లెక్క మీ ప్రతినిధి చేతిలోని కాగితంలో ఎందుకు లేదు?

వడ్డీ ఎప్పటి నుంచి లెక్కకడతారన్నది ఇంకా తక్కువ మందికి తెలుసు. పూర్తి బిల్లు కట్టనప్పుడు వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, వస్తువు కొన్న తేదీ నుంచి మొదలవుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని రోజులు ఉండవు. కొన్న పాల ప్యాకెట్టుకు కూడా ఆ రోజు నుంచే వడ్డీ. కనీస మొత్తం కడితే చాలన్న భరోసా ఇక్కడే మోసం చేస్తుంది. పై లెక్కలోని 20,000కు కనీస మొత్తంగా 1,000 కడితే, అందులో 885 వడ్డీకీ పన్నుకీ పోయి అసలులో తగ్గేది 115 రూపాయలు. కనీస మొత్తమే కడుతూ పోతే తీర్చడం నెలలు, ఏళ్లు సాగుతుందన్న హెచ్చరిక బిల్లు మీద ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అది బిల్లు వచ్చాక కనిపించే హెచ్చరిక. కార్డు తీసుకునే ముందు దాన్ని వినిపించే బాధ్యత ఎవరిది?

ఈ వడ్డీకి గరిష్ఠ పరిమితి కూడా లేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 జులై 7న, ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చట్టపరంగా ఆ వ్యాజ్యంలో గెలుపు మీదే. కానీ పరిమితి తొలగినప్పుడు వినియోగదారుడికి మిగిలే రక్షణ ముందుగా తెలియజెప్పడం ఒక్కటే. రేటును నిర్ణయించుకునే స్వేచ్ఛ మీకు దక్కాక, ఆ రేటును స్పష్టంగా చెప్పే బాధ్యత పెరిగిందా, తగ్గిందా?

వడ్డీ తర్వాత తేదీలు. బిల్లు తయారైన మర్నాడు కొన్న వస్తువుకు కట్టడానికి దాదాపు 50 రోజుల వ్యవధి దొరుకుతుంది. బిల్లుకు ముందు రోజు కొంటే 20 రోజులే. బిల్లు తేదీ మార్చుకునే వీలు ఒకసారి ఇవ్వాలని 2022లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన చెప్పింది. 2024 మార్చి సవరణ దాన్ని ‘కనీసం ఒకసారి’ చేసింది. రాబడి ఏ వారంలో పడుతుందో చూసుకుని తేదీ పెట్టుకోవడం, కాల్‌షీట్ల మీద బతికేవాళ్లకు రివార్డు పాయింట్ల కన్నా విలువైన సౌకర్యం. రుసుము లేని రెండు కార్డులూ ఉంచుకోవడానికి నిజంగా ఒక కారణం ఉంటే ఇదే: ఒకదాని బిల్లు నెల మొదట్లో, రెండోదానిది నెల మధ్యలో ఉంటే, ఏ రోజు కొన్నా ఏదో ఒక కార్డులో ఎక్కువ వ్యవధి ఉంటుంది. ఇది క్రమశిక్షణ ఉన్నవాళ్లకే పనికొచ్చే పద్ధతి. ఆలస్య రుసుము విషయంలో కూడా నియమం స్పష్టం. గడువు దాటి మూడు రోజులకు మించినప్పుడే బాకీ గడువు మీరినట్టు లెక్క, అప్పుడే ఆ రుసుము వేయాలి. రుసుము మొత్తం బ్యాంకు బ్యాంకుకూ మారుతుంది గనుక రెండు కార్డుల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

నగదు తీయడం గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే పని ఆగినప్పుడు చెయ్యి ముందుగా వెళ్లేది అక్కడికే. చాలా కార్డుల్లో తీసిన మొత్తంపై 2.5 శాతం లేదా 500 రూపాయలు, ఏది ఎక్కువైతే అది రుసుము. కృష్ణానగర్‌లో అద్దె సర్దడానికి 3,000 తీసుకున్నవాడికి శాతం లెక్క వర్తించదు, 500 పడుతుంది. జీఎస్టీతో 590. అంటే తీసుకున్నదాంట్లో దాదాపు ఐదో వంతు, అదీ వడ్డీ మొదలుకాక ముందే. వడ్డీ తీసిన రోజు నుంచే నడుస్తుంది. దీనికి భిన్నమైన కార్డు ఒకటి పక్కనే దొరుకుతున్నప్పుడు, కార్డు అమ్మేవాడు ఆ తేడాను దాటేసి విమానాశ్రయ లాంజ్ గురించి మాట్లాడటం ఏ రకమైన సేవ?

ఆ తేడాకు అసలు కార్డులే సాక్ష్యం. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు 2018 అక్టోబరులో వచ్చింది. చేరిక రుసుము లేదు, వార్షిక రుసుము లేదు. అమెజాన్‌లో కొంటే ప్రైమ్ సభ్యులకు 5 శాతం, మిగతావాళ్లకు 3 శాతం, అమెజాన్ పే భాగస్వాముల దగ్గర 2 శాతం, మిగతా చోట్ల 1 శాతం వెనక్కి వచ్చేలా దాన్ని రూపొందించారు. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు 2021 జనవరిలో తెచ్చిన కార్డులు కూడా జీవితాంతం రుసుము లేనివే. కానీ అవి వేరే చోట బలం చూపాయి: ఖాతాదారును బట్టి వడ్డీ ఏడాదికి 9 శాతం నుంచి మొదలై 36 శాతం వరకూ, నగదు తీస్తే 48 రోజుల వరకూ వడ్డీ లేకుండా. ఆ తర్వాత షరతులు మారుతూ వచ్చాయి గనుక ఇవాళ్టి పట్టిక చూడకుండా ఎవరూ నిర్ణయించుకోకూడదు. అయినా రెండు రకాల స్వభావం ఇక్కడ తేటగా ఉంది. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసి, ఇంటి సామాను ఎక్కువగా ఒకే చోట కొనే ఎడిటర్ కుటుంబానికి మొదటి రకం లాభం. బ్యాలెన్స్ కోసం నెలలు ఎదురుచూసే అసిస్టెంట్‌కు, తక్కువ రేటు తన పేరు మీద నిజంగా మంజూరైతే, రెండో రకం రక్షణ. ఇక్కడ ఒక మెలిక ఉంది. 9 శాతం ప్రకటనలో ఉన్న రేటు, మంజూరయ్యే రేటు మనిషిని బట్టి ఉంటుంది. ఆ రెండో అంకె సంతకానికి ముందే చెప్పాలి, కార్డు చేతికొచ్చాక కాదు.

నెట్‌వర్క్ సంగతి చిన్నదే అయినా రోజువారీ జీవితానికి దగ్గరిది. యూపీఐతో క్రెడిట్ కార్డు కలిపే సదుపాయం 2022లో రూపే కార్డులకు మొదలైంది. ఇడ్లీ బండి, మెడికల్ షాపు, టైలరింగ్ కొట్టు, ఎక్కడ చూసినా క్యూఆర్ కోడ్ ఉన్న యూసుఫ్‌గూడ వీధుల్లో ఈ ఒక్క తేడాతో రూపే కార్డు రోజూ ఉపయోగపడుతుంది, రెండోది పర్సులో ఉండిపోతుంది. పది లక్షలకు మించి క్రియాశీల కార్డులున్న జారీ సంస్థలు నెట్‌వర్క్ ఎంచుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2024 మార్చి 6న ఆదేశించింది, ఆరు నెలల తర్వాత అమల్లోకి వచ్చింది. మీ దరఖాస్తులో ఆ ప్రశ్న ఖాతాదారుణ్ని అడుగుతున్నారా, ముందే గడి నింపి ఇస్తున్నారా?

పాటల చిత్రీకరణకు విదేశాలకు వెళ్లే యూనిట్ల వాళ్లు మరో అంకె చూసుకోవాలి. చాలా కార్డుల్లో విదేశీ కరెన్సీ ఖర్చుపై 3.5 శాతం అదనం, పన్నుతో కలిపి 4.13 శాతం. లక్ష రూపాయల ఖర్చుకు 4,130. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ కార్డును ఈ అదనమూ, వార్షిక రుసుమూ లేకుండా తెచ్చారు. 

రివార్డుల విలువ తేల్చేది వాటిని ఇచ్చే శాతం కాదు, వాటి నుంచి మినహాయించిన ఖర్చుల జాబితా. అద్దె, ఇంధనం, వాలెట్‌లో వేసుకునే సొమ్ము, కొన్ని చోట్ల కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు ఆ జాబితాలో చేరుతూ వచ్చాయి. అద్దె చెల్లింపులపై ఐసీఐసీఐ బ్యాంకు 2022 అక్టోబరు 20 నుంచి 1 శాతం రుసుము పెట్టింది. ఎస్‌బీఐ కార్డ్ అదే ఏడాది నవంబరు 15 నుంచి 99 రూపాయలు పెట్టింది. ఇవి ప్రకటించి చేసిన మార్పులు, నియమాలకు లోబడినవే. నెల రోజుల ముందు తెలపాలి, మార్పు నచ్చకపోతే అదనపు ఖర్చు లేకుండా కార్డు వదులుకునే హక్కు ఇవ్వాలి అన్నది నిబంధన. కానీ ఏ ఆశ చూపించి కార్డు ఇచ్చారో ఆ ఆశే తర్వాత కరిగిపోతుంటే, రుసుము లేకపోవడం ఒక్కటే శాశ్వతంగా ఉంటుందని మొదటి రోజే చెప్పడం న్యాయం కాదా? షూటింగుకు కావలసిన బట్టలూ, సెట్ సామానూ సొంత కార్డు మీద కొని తర్వాత ప్రొడక్షన్ నుంచి వసూలు చేసుకునే వాళ్లకు ఇంకొక జాగ్రత్త: చాలా కార్డుల షరతులు సొంత వాడకానికే పరిమితం, వ్యాపార ఖర్చు అనిపిస్తే పాయింట్లు ఆపే అధికారం బ్యాంకు దగ్గర ఉంచుకుంటుంది. కాస్ట్యూమ్స్ అసిస్టెంటుకు ఈ వాక్యం చూపించి కార్డు ఇచ్చిన బ్యాంకు ఏది?

‘రెండూ తీసుకోండి’ అన్న సలహాలో ఒక నష్టం దాగి ఉంది. ప్రతి దరఖాస్తుకూ రుణ చరిత్ర సంస్థ దగ్గర ఒక విచారణ నమోదవుతుంది. దగ్గర దగ్గరగా పడిన విచారణలు స్కోరును దించుతాయి. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ స్కోరు మీదే రేపటి ఇంటి రుణం, పిల్లల చదువు రుణం ఆధారపడతాయి. ఇక దరఖాస్తు తిరస్కరించే పద్ధతి మరీ బాధాకరం. 1998లో సినిమాకు కేంద్రం పరిశ్రమ హోదా ప్రకటించి ఇన్నేళ్లయింది. అయినా జీతం స్లిప్పు లేని నిపుణుణ్ని, ఏళ్ల తరబడి బ్యాంకు ఖాతాలో రాబడి కనిపిస్తున్నా, తలుపు దగ్గరే ఆపేస్తున్నారు. తిరస్కరణకు నిర్దిష్ట కారణం రాతపూర్వకంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ‘అంతర్గత విధానం’ అన్న మాట కారణం కాదు. అలాంటివాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే రుసుము లేని కార్డు మంచి దారి. ఆ సంగతి కౌంటరులో చెప్పడానికి మీకు అడ్డేమిటి?

మీ నుంచి ఆశించేది కొత్త చట్టం కాదు. 2022 ఏప్రిల్ 21న వెలువడి జులై 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లోనే, దరఖాస్తుతో పాటు వడ్డీ, ఛార్జీలు తెలిపే ఒక పేజీ పత్రం ఇవ్వాలని ఉంది. రుసుము లేకుండా ఇచ్చే కార్డుల్లో దాపరికపు ఛార్జీలు ఉండకూడదని ఉంది. షరతులు సులభమైన మాటల్లో, స్థానిక భాషలో కూడా ఉండటం మేలని రిజర్వ్ బ్యాంకు ఏనాటి నుంచో చెబుతోంది. డైలాగు నుంచి డబ్బింగ్ దాకా తెలుగులో పనిచేసే చోట ఆ ఒక్క పేజీ తెలుగులో ఉండాలి. అందులో ఆ మనిషికి మంజూరైన వడ్డీ నెలకూ ఏడాదికీ, 20,000 బాకీకి ఒక నెల ఖర్చు రూపాయల్లో, 3,000 నగదుకు పడే మొత్తం, ఆలస్య రుసుము, రివార్డు రాని ఖర్చులు ఉండాలి. అన్ని బ్యాంకులూ ఒకే వరుసలో రాస్తే రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చదివే వీలు కలుగుతుంది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి దేశంలో ఆ బాట వేసినవాటిలో ఒకటిగా నిలిచింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తెలుగువాళ్లకు కార్డు నలభై ఏళ్ల నాటి పరిచయం. ఇంతకాలం తర్వాత కూడా దాని షరతుల పత్రం వాళ్ల భాషలో దొరకకపోవడానికి ఏ సాంకేతిక కారణం చూపగలరు?

మిగిలింది కార్డు వదులుకోవడం. రెండింట్లో ఒకటి అక్కర్లేదని తేలాక, పాతది ఏదో, కొత్తది ఏదో చూసుకుని కొత్తదాన్ని మూయించడం మంచిది, ఎందుకంటే పాత ఖాతా వయసు స్కోరుకు బలం. ఏడాదిపాటు వాడని కార్డును, కార్డుదారుకు తెలిపి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసేయాలి. కాబట్టి ఉంచుకోదలచిన కార్డు మీద అప్పుడప్పుడు చిన్న ఖర్చు చేసి పూర్తిగా కట్టేయాలి. బాకీ లేని కార్డును మూయమని కోరితే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. జారీ చేసిన కార్డును 30 రోజుల్లో ఖాతాదారు వాడుకలోకి తేకపోతే ఓటీపీతో సమ్మతి అడగాలి, రాకపోతే ఖర్చు లేకుండా మూసేయాలి. అడగని కార్డుపై బిల్లు వేస్తే ఆ మొత్తం వెనక్కి ఇచ్చి, దానికి రెట్టింపు జరిమానా కట్టాలి. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తినివ్వకపోయినా, 2021 నవంబరు 12న మొదలైన రిజర్వ్ బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు ఫోన్ నంబరు 14448. ఆ నంబరును, రోజుకు 500 చెల్లింపు నియమాన్ని కూడా మీ తెలుగు పేజీలో అచ్చు వేయండి.